ఉత్త తుమ్ములు

ఎనుమాముల మార్కెట్ల ఇరవై రెండేండ్ల సంది బస్తాలు మోస్తున్న.
మిర్చి సీజన్ల హమాలీలకు తుమ్ములు రావు,
ముక్కులు మొద్దుబారిపోతయి.
కొత్త గుమస్తా కండ్లెంబడి నీళ్లు కారంగ తుమ్ముతుంటె
చాయ్ తాగుకుంట నవ్వుతం.
గందుకే కావచ్చు,
నా ఇంటికి గూడ తుమ్ములు మోసుకొస్తున్ననని
నాకు శాన రోజులు తెల్వలె.

అఖిలేశ్ తొమ్మిదో తరగతి.
వాని యూనిఫాం వాడే ఉతుక్కుంటుండంటె
బుద్ధిమంతుడైండనుకున్న.
నా అంగీ ఆరేసిన తీగె మీద వానిది ఆరెయ్యడు.
మొన్నటిదాంక బండి మీద నా నడుము పట్టుకునేటోడు
ఇప్పుడు వెనుక కడ్డీ పట్టుకుంటుండు.
ఎదుగుతుండు గద, సిగ్గనుకున్న.

దేశాయిపేట రోడ్డు మీద బండి పంక్చరైంది.
నేను హ్యాండిల్ పట్టిన, వాడు వెనుకనుంచి నూకుతుండు.
నా మొఖం వానికి కనవడది, వానిది నాకు కనవడది.
ఎదురుంగ కూసోవెట్టి అడిగితె ఎన్నడు రాని మాట
గా నూకుడుల వచ్చింది.

"నేను క్లాసుల అడుగు పెట్టంగనే అందరు తుమ్ముతరు బాపూ.
ఉత్త తుమ్ములు.
సార్ గూడ ఒకసారి నవ్విండు."

"ఎవడాడు? పేరు జెప్పు. రేపే బడికొస్త."

"నువ్వు రాకు.
నువ్వొస్తె ఇంక ఎక్కువ తుమ్ముతరు."

దినానికి రెండు వందల బస్తాలు మోసే మెడ
గా ఒక్క మాటను మొయ్యలేకపోయింది.
చెప్పులు రోడ్డుకు రాసుకుంటున్న చప్పుడే.
మిర్చి లారీ ఒకటి దుమ్ము లేపుకుంట
మా పక్కకెల్లి పోయింది.

"ఇప్పుడు తుమ్ముత లేరు తియ్యి," అన్నడు.
"మంచిదే గద మరి?"
"ఐలేశ్ అని కొత్తోడు వచ్చిండు.
వాళ్లమ్మ చేపలమ్ముతది."

రెండు కరెంటు స్తంభాలు దాటినం.

"వాడు రాంగనే ముక్కులు మూసుకుంటరు.
నేను గూడ మూసుకున్న బాపూ.
అందరికంటె ముందు."

ఏం జెప్పాలె నేను?
నాకు తెలిసింది మిరపకాయలు.
చపాట ఎంత ఎర్రగున్నా కారముండదు,
తేజ సన్నగుంటది, కండ్లల్ల మంట లేపుతది.
గా ముచ్చట నాలుక దాంక వచ్చి ఆగింది.
పిలగాడు మిరపకాయ గాదు.

నా సంగతే జెప్పిన.
ఒరిస్సా దిక్కుకెల్లి ఒక పొల్లగాడు వచ్చెటోడు యార్డుకు.
బస్తా అనమంటె బొస్తా అంటుండె.
పొద్దూకులు వాని లెక్క మాట్లాడుకుంట నవ్వుతుంటిమి,
అందరికంటె గట్టిగ నేనే.
ఒకనాడు కూలి పైసలు గూడ అడగకుంట పోయిండు.
వాని ఇనుప కొక్కెం మా అటక మీదున్నది.
ఇచ్చేద్దామంటె ఊరు పేరు తెల్వది.

"గా కొక్కెం ఆయనదా?"
"ఆయనదే."

కొంచెం దూరం పోయినంక:
"మరి రేపు నేనేం జెయ్యాలె?"

"నాకు మొత్తం తెల్వది బిడ్డా.
ముందు ముక్కు మీది చెయ్యి తియ్యి.
మిగిలింది తర్వాత జూద్దాం."

ఏం మాట్లాడలె.
బండి జరంత తేలికైనట్టనిపించింది.
వాడు గట్టిగ నూకిండో, రోడ్డే దిగుడున్నదో.

తెల్లారి వాడు బ్యాగేసుకొని గడప దాటుతుంటె
నాకు తుమ్ము వచ్చింది.
ఉత్తది గాదు. ఎన్నేండ్లకో వచ్చిన అసలు తుమ్ము.
"ఆగు, కూసోని నీళ్లు తాగి పో," అన్నది వాళ్లమ్మ.
కూసున్నడు.
గిలాస మీదికెల్లి నన్ను జూసిండు,
నవ్వాపుకోలేక నీళ్లు ముక్కులకెక్కి దగ్గిండు.

బండెక్కినంక
మళ్ల వెనుక కడ్డీనే పట్టుకున్నడు.
పట్టుకోని.
కడ్డీ గూడ మన బండిదే గద.